తారలు చెమటోడ్చిన తెర
తారల ఆటల పోటీలను చూపిన పాత టెలివిజన్ కార్యక్రమాలపై నేటికీ మిగిలిన మమకారానికి మూలం వారి ఆటతీరు కాదు, తెరపై పదిమందిని ఒంటిచేత్తో మట్టికరిపించే కథానాయకుడు, రెండో టేకు దొరకని మైదానంలో, చేతికొచ్చిన క్యాచ్‌ను జారవిడిచి నాలుక కరుచుకోవడమే. 1976లో అమెరికాలో ఏబీసీ ఛానల్ మొదలుపెట్టిన ‘బ్యాటిల్ ఆఫ్ ది నెట్‌వర్క్ స్టార్స్’లో మూడు ఛానళ్ల నటీనటులు జట్లుగా తలపడేవారు. చెన్నైలో ఈ వినోదానికి నిధుల సేకరణ తోడైంది: 2016 ఏప్రిల్ 17న దక్షిణ భారత నటుల సంఘం, అంటే నడిగర్ సంగం, సొంత భవనం కోసం చేపాక్ మైదానంలో జరిపిన తారల క్రికెట్‌లో సూర్య, కార్తీ, విశాల్ తదితరుల సారథ్యంలో, తమిళనాడు ఊళ్ల పేర్లు పెట్టుకున్న 8 జట్లు ఆడగా, సన్ టీవీ ప్రసారం చేసింది. తెలుగువారికి ఆ ముచ్చట 2011లో ఆరంభమైన సెలబ్రిటీ క్రికెట్ లీగ్‌తో తీరింది. అయితే తొలి రెండేళ్లూ కప్పు చెన్నై రైనోస్ జట్టుకే దక్కడం తెలుగు జట్టు సారథి వెంకటేశ్ అభిమానులకు మింగుడుపడని సంగతే.