పండ్లపై తెగులుమందు అవశేషాలు: భయమెంత, జాగ్రత్త ఎంత?

సోలాపూర్ మార్కెట్లలో జనవరి మొదలుకొని ఏప్రిల్ వరకు ద్రాక్ష విరివిగా లభిస్తుంది. దానిమ్మకు ఈ జిల్లా దేశమంతటా ప్రసిద్ధి చెందినది. ఈ పండ్లు కొనే ప్రతి ఇంటిలోను ఒక సందేహం వినిపిస్తూనే ఉంటుంది: మందు కొట్టిన పండు తింటే క్యాన్సర్ వస్తుందా? ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పడం సరికాదు. తెలిసిన విషయాలను వరుసగా పరిశీలిస్తే, భయపడవలసినది ఏది, జాగ్రత్త పడవలసినది ఏది అన్నది స్పష్టమవుతుంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ద్రాక్షపై కనిపించే పలుచని తెల్లని పొర చాలావరకు ఆ పండు సహజంగా ఏర్పరచుకునే మైనపు పూత. కంటికి కనిపించే తెలుపును బట్టి మందు ఉన్నదీ లేనిదీ నిర్ణయించలేము. అవశేషాల ఉనికి ప్రయోగశాల పరీక్షలో మాత్రమే తేలుతుంది.

ఈ మందులు ఎందుకు?

పంటలకు సోకే తెగుళ్ళలో అధికభాగం శిలీంద్రాల వలన, అనగా బూజు జాతి సూక్ష్మజీవుల వలన కలుగుతాయి. అక్టోబరు కత్తిరింపు తరువాత ద్రాక్షతీగ చిగురించే సమయంలో వాన కురిసినా, మంచు పట్టినా బూజు తెగులు త్వరగా వ్యాపిస్తుంది. అటుపిమ్మట బూడిద తెగులు పొంచి ఉంటుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మిలార్డే మైలుతుత్తాన్ని, సున్నాన్ని నీటిలో కలిపిన బోర్డో మిశ్రమాన్ని 1885లో ద్రాక్ష కోసమే వెలుగులోకి తెచ్చాడు. నేడు వాడే శిలీంద్రనాశినులు ప్రధానంగా రెండు విధాలు. మాంకోజెబ్ వంటివి ఆకుపైన, కాయపైన పొరగా నిలిచి ఉంటాయి. కార్బెండజిమ్ వంటివి మొక్క కణజాలంలోనికి చొచ్చుకుపోతాయి. మొదటి రకాన్ని కడగడం వలన కొంతవరకు తొలగించవచ్చు. రెండవ రకం విషయంలో కడగడం వలన కలిగే ప్రయోజనం పరిమితం.

చరిత్ర నేర్పిన పాఠం

శిలీంద్రనాశినుల వలన జరిగిన ఘోర విపత్తులు పండ్ల వలన గాక, విత్తనాల వలన సంభవించాయి. 1950ల ద్వితీయార్ధంలో టర్కీలో హెక్సాక్లోరోబెంజీన్ పట్టించిన గోధుమ విత్తనాలను ప్రజలు ఆహారంగా వాడుకొన్నారు. వేలాదిమంది తీవ్రమైన చర్మవ్యాధికి, కాలేయ రుగ్మతకు లోనయ్యారు. తల్లిపాల ద్వారా విషం సోకి పసిపిల్లలు మరణించారు. 1971–72లో ఇరాక్‌లో పాదరసపు మందుతో శుద్ధి చేసిన విత్తన ధాన్యాన్ని రొట్టెలు చేసుకొని తిన్నవారిలో 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు. 459 మంది అక్కడే మరణించారు. స్వగ్రామాలకు వెళ్ళివచ్చే మన కుటుంబాలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. రంగు పూసిన వేరుశనగ, మొక్కజొన్న వంటి విత్తనాలు మిగిలితే ఎంత కడిగినా వాటిని తినరాదు; పశువులకు, కోళ్ళకు కూడా వేయరాదు. ఆ సంచులలో బియ్యం, పప్పులు నిల్వ చేయరాదు.

క్యాన్సర్ సంగతి ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వివిధ పదార్థాలను వాటిపై గల సాక్ష్యాల బలాన్ని బట్టి వర్గీకరిస్తుంది. కాప్టాఫాల్ అనే శిలీంద్రనాశినిని మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం అధికంగా ఉన్న వర్గంలో చేర్చింది. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులుకు వాడే క్లోరోథలోనిల్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం కొంతవరకు ఉన్న వర్గంలో ఉంచింది. ఈ నిర్ణయాలకు ప్రధానాధారం అధిక మోతాదులలో జంతువులపై జరిపిన ప్రయోగాలు. వర్గీకరణ అన్నది ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉన్నదా అన్న ప్రశ్నకు సమాధానమే. మన పళ్ళెంలోని మోతాదు హాని చేస్తుందా అన్నది వేరొక ప్రశ్న.

మాంకోజెబ్ విషయం మరికొంత వివరంగా తెలుసుకోదగినది. అది విచ్ఛిన్నమైనప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం ఏర్పడుతుంది. వేడి తగిలితే ఈ మార్పు అధికమవుతుంది. ఈ పదార్థం థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడుతుంది. ప్రయోగశాలలో ఎలుకలకు థైరాయిడ్ గడ్డలు కలిగించింది. అమెరికా పర్యావరణ సంస్థ దీనిని మానవులలోను క్యాన్సర్ కలిగించగలదని భావించగా, అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో మానవుల విషయంలో వర్గీకరణకు వీలు కానిదిగా నిర్ణయించింది. నిపుణులలో ఇట్టి భేదం ఉన్నప్పటికీ, గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోను అత్యవసరం గనుక గర్భిణుల విషయంలో జాగ్రత్త అవసరం. సంతానోత్పత్తికి, హార్మోన్ల వ్యవస్థకు హాని చేయగలదన్న కారణాలతో ఐరోపా సమాఖ్య 2020లో మాంకోజెబ్ అనుమతిని పునరుద్ధరించలేదు. భారత ప్రభుత్వం అదే సంవత్సరం 27 పురుగుమందులను, తెగులుమందులను నిషేధించదలచి ముసాయిదా ప్రకటించింది. 2023 నాటి ఉత్తర్వులో డైనోకాప్ అనే శిలీంద్రనాశిని నిషేధానికి గురికాగా, మాంకోజెబ్‌ను కొన్ని పంటలపై మాత్రమే తొలగించారు.

గరిష్ఠ పరిమితి అంటే ఏమిటి?

జంతువులలో ఏ హానీ కనిపించని మోతాదును గుర్తించి, సాధారణంగా దానిని 100తో భాగించి, మనిషి జీవితాంతం ప్రతిదినం తీసుకొన్నా ప్రమాదం ఉండదని భావించే మోతాదును నిర్ణయిస్తారు. ఆ లెక్కకు లోబడి, సక్రమంగా మందు చల్లినప్పుడు పంటపై మిగలగల అవశేషాన్ని బట్టి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ప్రతి పంటకు గరిష్ఠ పరిమితిని విధిస్తుంది. కావున పరిమితిని మించిన పండు తిన్నంతనే రోగం వస్తుందని కాదు. ఎక్కువ మందు కొట్టారనో, కోతకు ముందు విడువవలసిన గడువును పాటించలేదనో దాని అర్థం. అయితే ఈ లెక్కలు ఎక్కువగా ఒక్కొక్క మందుకు విడివిడిగా వేసినవి. ఒకే పండుపై పలు మందులు కలిసి ఉన్నప్పటి ప్రభావం ఇంకా పూర్తిగా తేలలేదు. జాగ్రత్త వహించడానికి ఇది తగిన కారణమే.

మరొక వైపును కూడా చూడాలి. బూజు పట్టిన వేరుశనగలో, మిరపలో, మొక్కజొన్నలో ఏర్పడే అఫ్లటాక్సిన్ మానవులలో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని నిస్సందేహంగా రుజువైంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా నశించదు. బూజు వాసన వచ్చే, ముడుచుకొన్న, రంగు మారిన పల్లీలను ఏరి పారవేయడం ప్రతి వంటింటిలో తప్పక జరగాలి.

ఇంటిలో చేయదగినవి

• పండ్లను, కూరగాయలను ధారగా పడే నీటిలో రుద్ది కడగాలి. ద్రాక్షగుత్తిని చిన్న కొమ్మలుగా విడదీసి కడగాలి. సబ్బు, బట్టల పొడి వాడరాదు.

• లీటరు నీటిలో సుమారు 10 గ్రాముల వంటసోడా కలిపి 12 నుండి 15 నిమిషాలు నానబెట్టి, తిరిగి మంచినీటితో కడగవచ్చు. 2017లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో ఈ పద్ధతి వలన ఆపిల్ పైనున్న థయాబెండజోల్ అనే శిలీంద్రనాశినిలో 80 శాతం తొలగింది. లోనికి ఇంకిన భాగం మాత్రం పోలేదు.

• కూరగాయలను కడిగిన తరువాతనే తరగాలి, పొయ్యి మీద పెట్టాలి. మాంకోజెబ్ వేడికి మారకముందే తొలగించడం మేలు.

• క్యాబేజీ పై ఆకులను తీసివేయాలి. దానిమ్మను కోయకముందే కడగాలి. మార్కెట్లో కొన్న కాయల తొక్కతో కషాయం కాచుకోకపోవడం మంచిది.

• ఎండుద్రాక్ష కిలోకు సుమారు నాలుగు కిలోల పండ్లు పడతాయి. అవశేషాలు కూడా చిక్కబడవచ్చు గనుక నానబెట్టి, ఆ నీటిని పారబోసి తినాలి.

• ఒకే పండు, ఒకే కూర ప్రతిదినం తినక మార్చి మార్చి తినాలి. రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అవశేషాల భయంతో వాటిని మానివేయడం వలన కలిగే నష్టమే ఎక్కువ.

తోటలలో కూలిపనికి వెళ్ళేవారికి, మందు కొట్టేవారికి అందరికంటె ఎక్కువ మోతాదు సోకుతుంది. డబ్బాపై ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు తక్షణ విషప్రభావాన్ని మాత్రమే సూచిస్తాయి. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన దీర్ఘకాలిక హాని లేదని భావించరాదు. చేతితొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి. పనిబట్టలను విడిగా ఉతకాలి. స్నానం చేసిన పిమ్మటనే పిల్లలను ఎత్తుకోవాలి.

కొనుగోలుదారుని హక్కు

ఐరోపాకు ఎగుమతి అయ్యే ద్రాక్షకు అవశేషాల పరీక్ష తప్పనిసరి. స్థానిక మార్కెట్‌కు వచ్చే ప్రతి బుట్టకూ అట్టి పరీక్ష జరగదు. అయితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ విభాగం ప్రకారం ఏ కొనుగోలుదారుడైనా తాను కొన్న ఆహారాన్ని రుసుము చెల్లించి ప్రభుత్వ ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఈ ఉద్దేశాన్ని కొనేటప్పుడే వర్తకునికి తెలియజేయాలి. ఆహారం ప్రమాణాలకు విరుద్ధమని తేలితే చెల్లించిన రుసుము తిరిగి లభిస్తుంది. మహారాష్ట్రలో ఈ వ్యవహారాలను రాష్ట్ర ఆహార, ఔషధ పరిపాలన శాఖ చూస్తుంది. ఒక్కరికి రుసుము భారమనిపిస్తే వీధివారు, మహిళా సంఘాలు కలిసి ఒక నమూనాను పంపవచ్చు. మన పిల్లలు తినే పండు విషయంలో ఊహలకంటె పరీక్షా ఫలితమే మేలు. దానిని అడిగే హక్కు మనకున్నది.