జీప్యాట్ కొట్టిన మా వెనక బెంచీ

నాదర్‌గుల్‌లో మా ఫార్మసీ కాలేజీ గేటుకి ఈ వారం కొత్త ఫ్లెక్సీ కట్టారు. అందులో మా వెనక బెంచీ దోస్తు ఫొటో! జీప్యాట్ క్వాలిఫై అయింది. "అంటే సివిల్స్ లాంటిదా?" అని క్యాంటీన్ అంకుల్ అడిగాడు.

కాదు. బీఫార్మసీ తర్వాత ఎంఫార్మసీ చేయాలనుకునేవాళ్లకు పెట్టే జాతీయ పరీక్ష. 125 ప్రశ్నలు, 500 మార్కులు, 3 గంటలు. తప్పు రాస్తే ఒక మార్కు కట్. ఇందులో అర్హత సాధించి, ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్.

ఆ డబ్బే అసలు సంగతి. వాళ్ల నాన్న ఎల్బీ నగర్‌లో ఆటో నడుపుతారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగమో, పెళ్లో తేల్చుకోమన్నారు ఇంట్లో. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కి డబ్బుల్లేక పాత పేపర్లు, యూట్యూబ్‌తోనే చదివింది. బస్సులో మందుల పేర్లన్నీ నాకు అప్పజెప్పేది. నేను సగం దారిలోనే నిద్రపోయేదాన్ని. ఫ్లెక్సీలో నేనెందుకు లేనో అర్థమైందిగా!

ఫార్మసీ అంటే మెడికల్ షాపే అనేవాళ్లకు నేను యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్తా. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో మెథోట్రెక్సేట్ తయారీకి దారి వేసిన మనిషి. క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి ఆ మందు ఇప్పటికీ వాడుతున్నారు. మా దోస్తుకీ పరిశోధనే కావాలట.

నిన్న వాళ్ల నాన్న ఆటోలో వచ్చి, ఫ్లెక్సీ పక్కన నిలబడి ఫోన్ నా చేతికిచ్చారు.

"ఒక ఫొటో తియ్యమ్మా, స్టాండ్‌లో చూపించాలె."

"మరి పెళ్లి సంబంధం అంకుల్?"

"రెండేండ్లు ఆగుతది తియ్ బిడ్డా!"