'యూ' అంటే నీవా, మీరా?

ఇంగ్లీషువానికి పెద్దంతరం చిన్నంతరం లేదని మనవారు తరచు అంటూ ఉంటారు. తండ్రిని 'యూ' అంటాడు, కొడుకును 'యూ' అంటాడు. గురువును, బంట్రోతును, న్యాయాధిపతిని, చివరకు పెంపుడు కుక్కను కూడ 'యూ' అనే పలకరిస్తాడు. అందరినీ 'నువ్వు' అనే భాష అది, మన తెలుగులో ఉన్న మన్నన దానికెక్కడిదని ఈ వాదానికి ముక్తాయింపు. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. బడిలో మొదట నేర్చిన పాఠం కూడ దీనికి బలం చేకూరుస్తుంది. 'ఐ' అంటే నేను, 'యూ' అంటే నీవు, 'హి' అంటే అతడు అని కదా మనమందరం వల్లె వేసినది!

అయితే భాషాచరిత్ర చెప్పే సాక్ష్యం దీనికి తలక్రిందులు. ఇంగ్లీషు భాష పోగొట్టుకొన్నది 'మీరు' కాదు, 'నీవు'. నిత్యవ్యవహారంలో ఇప్పుడు దానికి మిగిలి ఉన్నది 'మీరు' ఒక్కటే. ఇంగ్లీషువాడు కుక్కను కూడ 'మీరు' అంటున్నాడే గాని, గురువును 'నువ్వు' అనడం లేదు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే తరగతిలో ఎదురయ్యే చిక్కులు కొన్ని వాటంతట అవే విడిపోతాయి. మన భాషను గురించి మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి కూడ బయటపడుతుంది.

వేయి సంవత్సరాల క్రిందటి ఇంగ్లీషులో మధ్యమ పురుషకు ఏకవచనం, బహువచనం వేరువేరుగా ఉండేవి. ఎదుట ఒక్కడుంటే 'థూ'. అదే తరువాతి కాలంలో 'దౌ' అయినది. పలువురుంటే 'యే'. అది తరువాత 'యీ' అయినది. సరిగా ఇద్దరే ఉంటే, సంస్కృతంలోని 'యువామ్' వలె, 'యిట్' అనే ద్వివచన రూపం కూడ ఉండేది. మరి నేటి 'యూ' ఎక్కడిది? ఆనాడు అది కర్తృపదమే కాదు. 'మిమ్మును', 'మీకు' అనే అర్థాలలో వాడిన 'ఏఓవ్' అనే రూపమే కాలక్రమాన 'యూ'గా మారినది. అంటే 'నీవు', 'నిన్ను' అనే జంటకు 'దౌ', 'దీ'. 'మీరు', 'మిమ్ము' అనే జంటకు 'యీ', 'యూ'. ఈ నాలుగు రూపాలు చాల కాలం ఎవరి స్థానంలో వారుగా నడిచినవి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు అనువాదంలో ఈ భేదం దాదాపు చెక్కుచెదరక కనిపిస్తుంది. కాని అప్పటికే అది పాతబడిన పద్ధతి. జనుల వాడుకలో 'యూ' కర్తృస్థానాన్ని కూడ ఆక్రమించి, 'యీ'ని వెనుకకు నెట్టివేసినది.

బహువచనంలోని ఈ 'యూ' ఏకవచనంలోనికి ఎట్లా చొరబడినది? దానికి దారి చూపినది వ్యాకరణం కాదు, మర్యాద. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజాస్థానంలోను, న్యాయస్థానంలోను ఫ్రెంచి భాషకు ప్రాబల్యం కలిగినది. ఫ్రెంచిలో 'తు' అంటే నీవు, 'వూ' అంటే మీరు. ఎదుటివాడు గౌరవనీయుడైతే ఒక్కడైనా సరే 'వూ' అనడం అక్కడి ఆచారం. పదమూడవ శతాబ్దినుండి ఆ ఆచారం ఇంగ్లీషులో కనిపిస్తుంది. ప్రభువును, పెద్దను, పరిచయం లేని గృహస్థును బహువచనంతో పలకరించడం. సేవకుని, పసివానిని, ప్రాణమిత్రుని, భగవంతుని ఏకవచనంతో పిలవడం.

ఇది అచ్చంగా మన నేటి పద్ధతే కాదా! మన ప్రాచీన కావ్యాలలో కవులు రాజులను సైతం 'నీవు' అనే సంబోధించినారు. ఒక్కరిని 'మీరు' అనే మన్నన మనకు కూడ తరువాత వ్యాపించినదే. నేడు మనం అధికారిని 'మీరు' అంటాము. అంతకంటె పెద్దవాడైన దేవుని 'నీవు' అంటాము. ఇందులో వైరుధ్యం లేదు. 'నీవు'లో రెండు ముఖాలున్నాయి. ఒకటి చనువు, రెండవది చిన్నచూపు. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే పండితులు ఐరోపా భాషల సర్వనామాలను పరిశీలించి ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసినారు. ఈ భేదాన్ని నడిపించే శక్తులు రెండని, ఒకటి అధికారం, మరొకటి సాన్నిహిత్యమని వారి సిద్ధాంతం. తెలుగువానికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. "నన్ను ఏకవచనంతో పిలుస్తావా?" అని తగవుకు దిగినవారిని మనం చూడలేదా?

ఇంగ్లండులోను అవే తగవులు జరిగినవి. షేక్స్పియరు వ్రాసిన 'ట్వెల్ఫ్త్ నైట్' నాటకంలో సర్ టోబీ తన మిత్రునికి, ద్వంద్వయుద్ధానికి పిలుస్తూ ఉత్తరం ఎట్లా వ్రాయాలో నేర్పుతాడు. ఎదుటివానిని ఒక మూడు పర్యాయాలు 'దౌ' అన్నా తప్పులేదని అతని సలహా. అది నాటకం. 1603లో వించెస్టరులో నిజంగానే ఈ ముచ్చట జరిగినది. సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ నేరానికి విచారణ జరుగుతూ ఉండగా, ప్రభుత్వ పక్షాన వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆయనను ద్రోహి అని నిందిస్తూ, తాను 'దౌ' అంటున్నానని చెప్పి మరీ ఆ మాటతో పిలిచినాడు. అంతటి వీరుని నిండు సభలో కించపరచడానికి ఒక చిన్న సర్వనామం చాలినది.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. పదిహేడవ శతాబ్ది మధ్యలో జార్జి ఫాక్స్ నాయకత్వాన క్వేకరులు అనే క్రైస్తవ శాఖవారు బయలుదేరినారు. దేవుని ఎదుట అందరూ సమానులే గనుక, ఒక్క మనిషిని 'యూ' అనడం అసత్యం, ముఖస్తుతి అని వారి వాదం. ధనికుడైనా దరిద్రుడైనా ఒక్కడిని 'దౌ' అనే పిలవాలని పట్టు పట్టినారు. 1660లో ఫాక్స్, మరి ఇద్దరు సహచరులతో కలసి, అనేక భాషల వ్యాకరణాలను సాక్ష్యానికి పిలిచి, ఉపాధ్యాయులకు ఏకవచన బహువచనాలు నేర్పుతామని పేరులోనే చాటి, ఒక పెద్ద గ్రంథం అచ్చు వేసినాడు. ఈ సర్వనామం కోసం వారు పడిన పాట్లు తక్కువవి కావు. చూపు కోల్పోయిన మిల్టన్ మహాకవికి గ్రంథాలు చదివి వినిపించిన థామస్ ఎల్‌వుడ్ ఈ శాఖలో చేరినవాడే. తండ్రిని 'దౌ' అన్నందుకు దెబ్బలు తిన్నానని, మరల ఆ మాట వినబడితే పళ్ళు రాలగొడతానని తండ్రి బెదిరించినాడని ఆయన తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు.

సమానత్వానికి రెండు త్రోవలున్నాయి. అందరినీ 'నీవు'కు దింపడం ఒకటి, అందరినీ 'మీరు'కు ఎక్కించడం మరొకటి. క్వేకరులు మొదటి త్రోవ పట్టినారు. తక్కిన జనం ఏ తీర్మానమూ చేయకుండానే రెండవ త్రోవన నడిచినారు. ఎదుటివాడు ఏ అంతస్తువాడో తెలియనప్పుడు 'దౌ' అని నొప్పించడం కంటె 'యూ' అని మన్నించడమే క్షేమం కదా. అట్లా మన్నన చొప్పున పెరిగి పెరిగి, పదిహేడవ శతాబ్ది ముగిసేసరికి 'యూ' సర్వసాధారణమైపోయినది. 'దౌ' ప్రార్థనలలోను, పద్యాలలోను, యార్కుషైరు వంటి కొన్ని ప్రాంతాల మాండలికాలలోను మాత్రం మిగిలినది.

ఇప్పుడు తరగతిలోనికి వద్దాము. ఒక్క మనిషితో మాట్లాడుతున్నప్పుడు 'యూ ఈజ్' అనక 'యూ ఆర్' అని ఎందుకనాలి అని విద్యార్థి అడుగుతాడు. "అది అంతే, కంఠస్థం చేయి" అనే సమాధానం చాలమంది వినే ఉంటారు. నిజానికి తెలుగు పిల్లవానికి ఇంతకంటె సులువైన సూత్రం లేదు. తాతగారు ఒక్కరే అయినా "మీరు వచ్చారు" అంటామా, "మీరు వచ్చావు" అంటామా? 'మీరు' అన్న తరువాత, మనిషి ఒక్కడైనా క్రియ బహువచనంలోనే ఉండాలి. 'యూ ఆర్' వెనుక ఉన్న రహస్యం ఇదే. ఇంగ్లీషువారు కూడ దీనిని సవరించబోయినారు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఒక్కరిని గురించి 'యూ వాజ్' అని వ్రాసినవారు పెక్కుమంది. 1762లో తన వ్యాకరణాన్ని ప్రకటించిన రాబర్ట్ లౌత్ దానిని దోషమని ఖండించినాడు. అమెరికాలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ దానిని సమర్థించినాడు. తుదకు లౌత్ పక్షమే నెగ్గినది.

ఒక్క భేదం మాత్రం పిల్లలకు చూపాలి. మనం "మీరు ఉపాధ్యాయులు" అని నామవాచకాన్ని కూడ బహువచనంలోనికి తెస్తాము. ఇంగ్లీషులో క్రియ బహువచనమైనా, నామవాచకం లెక్క ప్రకారమే నిలుస్తుంది. 'యూ ఆర్ ఎ టీచర్' అంటే ఒక్కరే, 'యూ ఆర్ టీచర్స్' అంటే పలువురు. ఒక్కరైతే 'యువర్‌సెల్ఫ్', పలువురైతే 'యువర్‌సెల్వ్స్'. పోయిన ఏకవచనం ఈ మూలల్లో ఇంకా దాగి ఉన్నది. ఆ లోటును పూడ్చుకోవడానికి అమెరికా దక్షిణ రాష్ట్రాలవారు పలువురిని 'యాల్' అంటారు, ఐర్లండులో కొందరు 'యూజ్' అంటారు. ఒక రూపాన్ని పోగొట్టుకొన్న భాష మరొక రూపాన్ని కల్పించుకొనక మానదు.

అనువాదంలో ఈ సర్వనామం పెట్టే పరీక్ష ఇంకొకటి. ఇంగ్లీషు 'యూ' సంబంధాన్ని దాచుతుంది. తెలుగు దానిని దాచనివ్వదు. పోనీ సర్వనామం వదలివేసి తప్పించుకొందామన్నా, "ఎక్కడికి వెళుతున్నావు", "ఎక్కడికి వెళుతున్నారు" అని క్రియే గుట్టు బయట పెడుతుంది. కనుక ఒక కథను అనువదించే విద్యార్థి మొదట మాట్లాడేవారెవరు, వినేవారెవరు, వారిలో పెద్దెవరు, చనువెంత అని ఆలోచించి తీరాలి. నిఘంటువు ఈ పని చేసిపెట్టదు. ఈనాటి అనువాద యంత్రాలు కూడ ఇక్కడనే తడబడుతూ ఉంటాయి. మరొక సంగతి. ఇంగ్లీషులో కొండ ఎక్కితే 'యూ' సముద్రాన్ని చూడవచ్చు అన్నప్పుడు, ఆ 'యూ' ఎదుటివాడు కాడు, ఎవరైనా సరే. దానిని "నీవు చూడవచ్చు" అనడం తెలుగు కాదు. "కొండ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది" అంటే చాలు.

ఇక మొదట ప్రస్తావించిన ప్రశ్న. ఇంగ్లీషులో మన్నన లేదని మనం నవ్వుతాము. కాని మన మన్నన ఎవరికి అందుతున్నది? అరవై ఏండ్ల పాలేరును పదేండ్ల పిల్లవాడు 'నువ్వు' అనడం, ఆ పిల్లవానిని ఆ వృద్ధుడు 'మీరు' అనడం మన గ్రామాలు ఎరిగినదే. అది వయస్సుకు జరిగిన మర్యాద కాదు, విద్యకు జరిగినదీ కాదు. కులానికీ కలిమికీ జరిగినది. రాలీ సభలో ఒక్కనాడు వినవలసి వచ్చిన మాటను మన శ్రమజీవులు జీవితకాలమంతా వింటూ వచ్చినారు.

అట్లాగని 'నీవు'ను మన భాషనుండి బహిష్కరించమని నేననను. తల్లిని 'నువ్వు' అనలేని భాష ఏపాటి భాష? తెలంగాణలోను, రాయలసీమలోను తండ్రిని కూడ ప్రేమతో 'నువ్వు' అనే కుటుంబాలెన్నో ఉన్నాయి. దానిని అమర్యాదగా ఎంచడం ఎంచేవారి అవివేకం. ఇంగ్లీషు ప్రేయసీప్రియులకు తమదంటూ ఒక సర్వనామం నేడు లేదు. మనకున్నది. ఆ భాగ్యాన్ని మనం నిలుపుకోవలసినదే. కాని 'నీవు'కు ఉన్న రెండు ముఖాలలో చనువును ఉంచుకొని చిన్నచూపును విడనాడడం మన చేతిలో ఉన్నది. దానికి ఒక చిన్న పరీక్ష చాలు. నేను ఎవరిని 'నువ్వు' అంటున్నానో, ఆ మనిషి నన్ను తిరిగి 'నువ్వు' అంటే నాకు సమ్మతమేనా? సమ్మతమైతే అది చనువు. కాకపోతే, ఆ మనిషి నాకంటె చిన్నవాడు కానప్పుడు, అది అధికారం.

ఈ వివేకం బడిలో మొదలు కావాలి. పసిపిల్లలను ఉపాధ్యాయుడు 'నువ్వు' అంటే అందులో వాత్సల్యం ఉన్నది. అయితే అదే ఉపాధ్యాయుడు బడి ఊడ్చే అవ్వను ఏమని పిలుస్తున్నాడో ఆ పిల్లలు వింటూనే ఉంటారు. సర్వనామాల పాఠాన్ని నల్లబల్ల మీద వ్రాసినదానికంటె ఆ పిలుపునుండే వారు ఎక్కువ నేర్చుకొంటారు.