మిగ్-21ను మేల్కొలిపే వరుస

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో భారత వాయుసేన మిగ్-21 యుద్ధవిమానాలకు వీడ్కోలు పలికింది. 1963లో 28వ స్క్వాడ్రన్‌తో ఆ విమానం కొలువులో చేరిందీ ఆ ఊళ్లోనే. అరవై రెండేళ్ల సేవ ముగిశాక వాటిలో కొన్ని మ్యూజియాలకు చేరతాయి, కొన్ని కూడళ్లలో దిమ్మెలెక్కుతాయి. రంగు వేసి, చుట్టూ కంచె కట్టి, పక్కన శిలాఫలకం పెట్టి, భద్రపరిచామనుకుంటాం. అలా మిగిలేది విమానం ఆకారం. ఏ స్విచ్ తరువాత ఏ స్విచ్ వేయాలి, ఎక్కడ ఆగాలి, ఏ ముల్లు ఎంతదాకా వచ్చేవరకు కనిపెట్టి ఉండాలి, అలా ఎందుకు చేయాలి అన్న తెలివిడి మాత్రం పైలట్లు, టెక్నీషియన్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు పదవీ విరమణ చేసినకొద్దీ అదీ చెదిరిపోతుంది. పాత జెట్ విమానాన్ని కంప్యూటర్ సిమ్యులేటర్‌లో మొదటి స్విచ్ నుంచి మొదలుపెట్టి స్టార్ట్ చేయడాన్ని చాలామంది ఆటకు ముందు తతంగంగానే చూస్తారు. నా దృష్టిలో అది ఒక యంత్రం చరిత్రను పదిలపరిచే పద్ధతి. విమానాన్ని దాచుకునే ప్రతి సంస్థా ఆ విమానంతోపాటు ఈ వరుసనూ దాచుకోవాలి.

స్టార్ట్ చేయడానికి ఒక వరుస ఎందుకు కావాలో చెప్పేది జెట్ ఇంజిన్ స్వభావమే. పొలంలో ఆయిలింజనుకు హ్యాండిల్ తగిలించి నాలుగు చుట్లు బలంగా తిప్పితే అందుకుంటుంది. సిలిండర్‌లో పిస్టన్ గాలిని బంధించి నొక్కుతుంది కాబట్టి, నెమ్మదిగా తిరిగినా మంట పుట్టేంత ఒత్తిడి వస్తుంది. జెట్‌లో గాలిని బంధించే గది లేదు. ముందు కంప్రెసర్, నడుమ దహనగది, వెనక టర్బైన్. రెండు కొసలూ తెరిచే ఉంటాయి. కంప్రెసర్ వేగంగా తిరిగితేనే గాలి నొక్కుకుంటుంది. దాన్ని తిప్పాల్సింది టర్బైన్. టర్బైన్ తిరగాలంటే నొక్కుకున్న గాలిలో ఇంధనం మండాలి. ఈ వలయాన్ని కదిలించడానికి తొలి బలం బయటినుంచి రావాలి. కంప్రెసర్ మింగే శక్తిని టర్బైన్ ఇచ్చే శక్తి మించేదాకా ఆ సాయం ఆగకూడదు. నార్వే ఇంజినీర్ ఏగిడియస్ ఎల్లింగ్ 1903లో తన గ్యాస్ టర్బైన్‌ను సొంత బలంతో తిరిగేలా చేసినప్పుడు, కంప్రెసర్ ఖర్చు పోను మిగిలింది 11 హార్స్‌పవరే. ఎంత పెద్ద జెట్ ఇంజినైనా స్టార్ట్ అయ్యే క్షణాల్లో ఇలాంటి సన్నని మిగులు దశను దాటి రావాల్సిందే. ఇంధనం తొందరగానో ఎక్కువగానో పడితే, గాలి చాలక ఆ వేడి టర్బైన్ రెక్కలను దెబ్బతీస్తుంది. స్టార్టర్ ముందే తప్పుకుంటే వేగం పెరగక ఇంజిన్ నడుమనే నిలిచిపోతుంది.

ఈ పాఠాలు తొలి ఇంజినీర్లు యంత్రం పక్కన నిలబడి నేర్చుకున్నవి. 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లోని రగ్బీలో ఫ్రాంక్ విటిల్ తన జెట్ ఇంజిన్‌ను తొలిసారి నడిపారు. ఇంధనం వాల్వు మూసినా అది ఆగలేదు. అదుపు తప్పి వేగం పుంజుకుంది. అంతకుముందే కారిన ఇంధనం దహనగది అడుగున నిలిచి, అదంతా మండడమే కారణమని తరువాత తేలింది. ఆ ఇంధనాన్ని బయటికి వదిలే ఏర్పాటు అలా పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల మెసర్‌ష్మిట్ 262 విమానానికి అమర్చిన జూమో 004 ఇంజిన్ ముక్కులోనే చిన్న టూ-స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ ఒకటి ఉండేది. జెట్‌ను తిప్పి లేపడం దాని పని. లేచాక కూడా థ్రాటిల్‌ను నిదానంగా జరపకపోతే ఇంజిన్ వేడెక్కిపోవడమో మంట ఆరిపోవడమో జరిగేది. బ్రిటిష్ కాన్‌బెర్రా బాంబర్‌లో మందు దట్టించిన తూటాను పేల్చి, ఆ వాయువుతో స్టార్టర్‌ను తిప్పేవారు. అవసరం ఒకటే అయినా ఒక్కో దేశం తనకున్న లోహాలను, తన యుద్ధ అవసరాలను బట్టి ఒక్కో దారి వెతుక్కుంది. అందుకే ఒక విమానం స్టార్టింగ్ పద్ధతి చదివితే అది పుట్టిన కాలం, దేశం రెండూ తెలుస్తాయి.

మిగ్-21 అలా చదవదగ్గ విమానం. త్రికోణపు రెక్కల నమూనా 1955లో సోవియట్ యూనియన్‌లో ఎగిరింది. 1959లో ఉత్పత్తి మొదలైంది. సోవియట్ యూనియన్, చెకొస్లొవేకియా, భారత్ కలిసి 11,000కు పైగా తయారుచేశాయి. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) నాసిక్ కర్మాగారం విమానాన్ని, ఒడిశాలోని కోరాపుట్ కర్మాగారం ఇంజిన్లను తయారుచేశాయి. మిగ్ ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో హైదరాబాద్‌లో హెచ్ఏఎల్ విభాగం ఏర్పడింది. కాబట్టి ఆ కాక్‌పిట్ కథలో మన నగరానికీ వాటా ఉంది. చివరి పెద్ద రకం మిగ్-21 బిస్‌కు ఆర్-25 ఇంజిన్ అమర్చారు. ఆఫ్టర్‌బర్నర్ వెలిగిస్తే అది 7,100 కిలోల థ్రస్ట్ ఇస్తుంది. ధ్వనికి రెట్టింపు వేగం అందుకునే ఈ విమానంలో పైలట్‌కు సాయపడే డిజిటల్ కంప్యూటర్ లేదు. అందుకే స్టార్టింగ్‌లో ప్రతి వ్యవస్థనూ మనిషే వరుసగా పలకరించాలి.

ఆ వరుస బ్యాటరీతో మొదలవుతుంది. సిల్వర్-జింక్ బ్యాటరీల నుంచి వచ్చేది డైరెక్ట్ కరెంటు. గైరోలను తిప్పే మోటార్లకు కావాల్సింది 400 హెర్ట్జ్ ఆల్టర్నేటింగ్ కరెంటు. కాబట్టి తరువాత ఇన్‌వర్టర్లు, ఆ పైన గైరోలు. గైరో చక్రం పూర్తి వేగం అందుకుని నిలకడగా నిలబడటానికి సమయం పడుతుంది. ఈలోగా విమానాన్ని కదిలిస్తే, దాని వాలును చూపే కృత్రిమ క్షితిజం తప్పు చూపుతుంది. ఆపైన ఇంధనం పంపులు, మంటలార్పే వ్యవస్థ. థ్రాటిల్‌ను అడ్డు దాటించి ఐడిల్‌కు తెచ్చి స్టార్ట్ బటన్ నొక్కితే, స్టార్టర్-జెనరేటర్ ముందు మోటారుగా మారి, ఇంజిన్‌లోని రెండు షాఫ్టుల్లో హైప్రెషర్ షాఫ్టును తిప్పుతుంది. లోప్రెషర్ షాఫ్టుకు స్టార్టర్‌తో సంబంధం లేదు. ఇంజిన్‌లోంచి పారే గాలే దాన్ని కదిలిస్తుంది. ఆర్‌పిఎం మీటర్‌లో రెండు ముళ్లు ఉండేది ఇందుకే: ఒకటి ముందు లేస్తుంది, రెండోది వెనక వస్తుంది. పైలట్ చూపు వాటిమీద, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మీద ఉండాలి. ఇంజిన్ తన కాళ్లమీద తాను నిలబడ్డాక ఇంతసేపూ మోటారుగా తిరిగిన యంత్రమే జెనరేటర్‌గా మారి బ్యాటరీల భారం తీసుకుంటుంది. వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే రాడార్ వేడెక్కడానికి ఇంకొంత సమయం కావాలి. మొత్తంమీద ఈ వరుసలో ఒక తర్కం ఉంది: విద్యుత్తు లేనిదే దిక్కు తెలియదు, ఒత్తిడి లేనిదే ఇంధనం రాదు, గాలి లేనిదే మంట నిలవదు.

2014లో డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌కు మిగ్-21 బిస్ వచ్చింది. అందులో ఈ స్విచ్‌లు బొమ్మలు కావు. వాటి వెనక విద్యుత్తు, ఇంధనం, గైరోలు, ఇంజిన్ ఒకదానిమీద ఒకటి ఆధారపడే వ్యవస్థలుగా లెక్కకట్టి ఉంటాయి. ఇన్‌వర్టర్ వేయడం మరిచిపోతే దానిమీద నడిచే పరికరాలు మేల్కొనవు. పుస్తకం వరుసను చెప్పగలదు, వీడియో చూపగలదు, వరుస తప్పితే ఏమవుతుందో చేతికి తెలియజేయగలిగేది ఇలాంటి నమూనాయే. తప్పుకు ఫలితం కనిపించినప్పుడే ప్రతి అడుగుకూ కారణం అర్థమవుతుంది.

ఈ వాదనకు బలమైన అభ్యంతరాలున్నాయి. ఇది బట్టీ చదువే, కొన్ని కీలు కలిపి నొక్కితే మొత్తం వరుస దానంతటదే నడిచిపోతుంది కదా అన్నది మొదటిది. నిజమే, బట్టీ పట్టేవాళ్లుంటారు. కానీ బట్టీ పట్టే వీలుందన్న కారణంతో వ్యాకరణాన్నో గణితాన్నో పనికిరానివని ఎవరూ అనరు. బోధించే తీరు ముఖ్యం. ప్రతి స్విచ్ పక్కన కారణం చెప్పి, కావాలని ఒకటి వదిలేసి చూడమంటే అదే వరుస భౌతికశాస్త్ర పాఠం అవుతుంది. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: తెరమీద కిరోసిన్ వాసన లేదు, చెవులు చిల్లులుపడే మోత లేదు, ప్రాణభయం లేదు. అంతకన్నా పెద్ద లోటు, గ్రౌండ్ సిబ్బంది కనిపించకపోవడం. చక్రాలకు అడ్డులు పెట్టేవారు, బయటినుంచి కరెంటు అందించేవారు, మంటలార్పే పరికరంతో సిద్ధంగా ఉండేవారు, సైగలు చేసేవారు లేనిదే ఏ మిగ్ కదల్లేదు. ఒంటరి కుర్చీలో చేసే స్టార్టింగ్ ఆ సమష్టి పనిని పైలట్ ఒక్కడి ఘనతగా చూపే ప్రమాదం ఉంది. ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే దానికి విరుగుడు సిమ్యులేటర్‌ను వదిలేయడం కాదు. రిటైరైన టెక్నీషియన్ల మాటలను రికార్డు చేసి ఆ వరుసకు జతచేయడం.

మూడో అభ్యంతరం కచ్చితత్వం గురించి. అమ్మకానికి చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఊహలు, సర్దుబాట్లు ఉంటాయి; పదేళ్లు వాడితే తప్పే ఒప్పుగా స్థిరపడుతుంది. పైగా కంప్యూటర్లు మారినకొద్దీ ప్రోగ్రాం కూడా తెరుచుకోకుండా పోవచ్చు. అందుకే సిమ్యులేటర్‌ను మూలంగా కాక, ప్రతిగా చూడాలి. పాత గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్రాలను పోల్చి పాఠభేదాలు గుర్తించినట్టే, విమాన మాన్యువళ్లు, విడిభాగాలు, సిబ్బంది అనుభవాలు పక్కన పెట్టుకుని నమూనాను సరిదిద్దుతూ ఉండాలి. తప్పున్న ప్రతిని దిద్దవచ్చు. రాసి పెట్టని జ్ఞానాన్ని తిరిగి తెచ్చుకోలేం. ఇక ఇది యుద్ధయంత్రం, దీన్ని నడుపుతూ ఎందరో యువ పైలట్లు మరణించారు, దీనిమీద ఇంత మమకారమా అని అడిగేవారికి నాదొకటే మాట. యంత్రం ఎంత క్లిష్టమో, ఎంత శ్రద్ధ కోరేదో తెలిస్తేనే ఆ పైలట్ల పని విలువ, వాళ్ల శిక్షణలో లోటుపాట్ల బరువు మనకు అర్థమవుతాయి.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో 2017లో టీయూ-142 విమానాన్ని మ్యూజియంగా మార్చారు. జనం దాని కడుపులోకి నడిచి వెళ్లి చూస్తున్నారు. అది మంచి పని. అలాంటి చోట్ల విమానం పక్కనే ఒక కుర్చీ, ఒక తెర, అసలు కాక్‌పిట్‌ను పోలిన స్విచ్‌లు, ప్రతి అడుగుకూ తెలుగులో కారణం చెప్పే వివరణ ఉంటే, పదో తరగతి పిల్లలు కూడా జెట్ ఇంజిన్ ఎందుకు తనంతట తాను లేవదో చేసి తెలుసుకుంటారు. మిగ్-21 దగ్గర పనిచేసిన టెక్నీషియన్లు, ఇంజినీర్లు ఇంకా మన మధ్య ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి ఈ వరుసను సరిచూయించుకోవాల్సింది ఇప్పుడే. రేకు తుప్పు పడితే మళ్లీ రంగు వేయవచ్చు. వాళ్ల జ్ఞాపకానికి ఆ వెసులుబాటు లేదు.