అద్దె యింటిలోని బ్యాటరీలు: బాధ్యత ఎవరిది?

అద్దె యింటిలో చేరునపుడు కొళాయిలో నీరు వచ్చుచున్నదా, తలుపునకు గడియ పడుచున్నదా యని ఎల్లరును చూచుకొందురు. ఆ యింట మిగిలియున్న బ్యాటరీలను తలచువారు అరుదు. మునుపటివారు విడిచిన రిమోటు, గూటిలోని పాత గడియారము, వసారాలోని ఇన్వర్టరు ఎవరి పాలనలోను ఉండవు. అద్దెకున్నవారు చూచుకొందురని యజమాని యనుకొనును. ఇది యజమాని సొత్తు గదా యని వారనుకొందురు. ఈ యుపేక్షకు ఫలము ననుభవించునది ఏమియు నెరుగని పసిబిడ్డ కావచ్చును.

రిమోటులు, తూకపు యంత్రములు, ఆటబొమ్మలు మున్నగువానిలో నాణెము వంటి చిన్న బ్యాటరీలుండును. అవి మెరయుచుండుటచే బిడ్డలు నోట పెట్టుకొందురు. అట్టి బ్యాటరీ అన్నవాహికలో చిక్కుకొనినచో, తడి తగిలి విద్యుత్తు ప్రవహించి, అచ్చట తీవ్రమైన క్షారము పుట్టును. రెండు గంటలలోనే లోపలి పొర కాలిపోవచ్చును. 20 మిల్లీమీటర్ల వెడల్పు గల లిథియం బ్యాటరీ మిక్కిలి అపాయకరము. పరికరమును నడపలేని పాత బ్యాటరీలో సైతము ఈ హానికి చాలినంత శక్తి మిగిలియుండును.

బిడ్డ మ్రింగెనను అనుమానము కలిగినంతనే ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాంతి చేయింపరాదు. బిడ్డకు ఏడాది నిండియుండి, బ్యాటరీ మ్రింగి 12 గంటలు దాటక, గుటక వేయగల స్థితిలో నున్నచో, దారిలో పది నిమిషముల కొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఇయ్యవచ్చును; ఆరు మార్లకు మించరాదు. తేనె కొరకై ప్రయాణమును ఆపరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె కూడదు.

ఇన్వర్టరు బ్యాటరీలో సాధారణముగా సీసపు పలకలును, నీరు కలిపిన గంధకికామ్లమును ఉండును. ఛార్జి యగునపుడు దాని నుండి ఉదజని వాయువు వెలువడును. గాలి యాడని చోట అది కూడుకొనినచో నిప్పురవ్వ తగిలి ప్రేలగలదు. కావున దానిని పడకగదిలోను, దీపము వెలిగించు పూజాస్థలము చెంతను ఉంచరాదు. నీరు పోయు రకమైనచో రెండు మూడు నెలల కొకసారి మట్టము చూచి, డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. కొళాయి నీరు గాని ఆమ్లము గాని పోయరాదు. ముందు స్విచ్చి ఆపి, కళ్లద్దములు, రబ్బరు తొడుగులు ధరించుట మేలు. ఆమ్లము కంట పడినచో ధారగా నీరు పోయుచు 15 నిమిషములకు తక్కువ కాకుండ కడిగి, వెంటనే వైద్యుని చూడవలెను.

ఉబ్బిన పవర్ బ్యాంకును, ఫోను బ్యాటరీని వాడరాదు, గ్రుచ్చరాదు. తలగడ క్రింద నుంచి ఛార్జి చేయరాదు.

పాడైన ఇన్వర్టరు బ్యాటరీని ఇంట పగులగొట్టుట గొప్ప కీడు. సీసపు ధూళి బిడ్డల మెదడునకు హాని చేయును. ఇంతవరకు నిరపాయమని చెప్పదగిన హద్దు దానికి లేదు. 2022వ సంవత్సరమున భారత ప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ననుసరించి, వాడుకొనువారు వానిని ఇతర చెత్తతో కలుపక వేరుగా అప్పగింపవలెను. తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులది. క్రొత్తది కొనునపుడు పాతదానిని అంగడివానికే ఇచ్చుట సులభమైన మార్గము.

తాళపుచెవులు చేతులు మారు దినమే ఈ పనికి తగిన దినము. వెడలువారు తమ పరికరములలోని బ్యాటరీలను తీసి కొనిపోవలెను. చేరువారు సొరుగులు, గూళ్లు, మంచముల క్రింది నేల వెదకవలెను. ఇన్వర్టరులో నీరు పోయువారెవరో, పాతదానిని మార్చువారెవరో అద్దె కాగితములో వ్రాసికొనవలెను. ఇల్లు ఒకరిది, కాపురము మరొకరిది కావచ్చును. బిడ్డల క్షేమము మాత్రము ఇరువురిది.