ఎఫ్1 మీటకు తెలియని ప్రశ్న

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగరు నుండి విడివడి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన కోడేరు మండలమున, పట్టాదారు పాసుపుస్తకములో పేరో విస్తీర్ణమో తప్పుపడిన రైతు యొకడు మీసేవ కేంద్రమునకు వచ్చెననుకొందము. అతడెరిగినది తన చిక్కు మాత్రమే. తెలంగాణ భూరికార్డుల పోర్టలు ధరణి నడిచిన కాలమున ఆ చిక్కునకు ‘టీఎం 33’ అను సంకేతము కలదు. అది తెలిసిన ఆపరేటరునకు తెర క్షణములో దారి చూపెడిది. తెలియనివానికి మాత్రము, రోగము పేరు నీవే చెప్పుము, మందు నేనిచ్చెదనను వైద్యుని వలె, ఖాళీ గడి చూపి యూరకుండెడిది. ముద్రిత పుస్తకమునకున్న గుణ మిచ్చటనే తెలియవచ్చును: విషయసూచిక తిరుగవేయువానికి తానడుగనెరుగని ప్రశ్నలు కూడ కంటబడును.

ఒకప్పుడు సాఫ్ట్‌వేరనగా పెట్టెలో ఫ్లాపీలును, వానితోడ లావుపాటి పుస్తకమును. 1990లో విండోస్ 3.0 నాటికే ఎఫ్1 నొక్కిన తెరమీద సహాయము ప్రత్యక్షమయ్యెడిది గాని అదియు ఆంగ్లమే, పుస్తకమును ఆంగ్లమే. మన డీటీపీ కొట్లలో పేజ్‌మేకర్ తెరచి ‘అను’ ఫాంట్లతో తెలుగు కొట్టువారికి శరణ్యమైనది ఆ రెండును గావు. గోడకంటించిన ఒక్క కీబోర్డు కాగితము. ఏ అక్షరమున కే మీటయో, ఏ వత్తున కే మీటయో చేతికి వచ్చువరకు దానివంక చూచుట, వచ్చిన పిదప మరచుట. ఇంతకన్న మేలైన మాన్యువలును నేను చూచి యెరుగను.

అట్లని అచ్చును నెత్తిన పెట్టుకొనుటయు న్యాయము కాదు. 2020 అక్టోబరు 29న ధరణి ఆరంభమైననాడే దానికొక పుస్తకము అచ్చొత్తించి మండల మండలమునకు పంపియుండినచో, కలెక్టరుల చేతనున్న అధికారములలో కొన్ని 2024 ఫిబ్రవరిలో ఆర్డీవోలకును తహశీల్దార్లకును సంక్రమించునప్పటికి అందు పెక్కు పుటలు తప్పుత్రోవ పట్టించెడివి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చుటతో తక్కినవియు చిత్తుకాగితములయ్యెడివి.

అసలు అచ్చునకును తెరకును వైరమే యుండనక్కరలేదు. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1971 నవంబరు 3 తేదీతో వెలువరించిన యూనిక్స్ మాన్యువలు కాగితముపై పుట్టినదే. కొలది యేండ్లకే, ‘మ్యాన్’ అని కొట్టినచో ఆ పుటలే యంత్రము మీదను కనబడసాగెను. అందు నాకు మిక్కిలి నచ్చునది ‘బగ్స్’ అను శీర్షిక: ఈ ఆజ్ఞ యేమి చేయజాలదో, ఎక్కడ తడబడునో, చేసినవారే దాపరికము లేక వ్రాసిపెట్టిరి. నేటి ప్రభుత్వ పోర్టళ్ళ సహాయపుటలు ఎక్కడ నొక్కవలెనో బొమ్మలతో సహా చూపును. నొక్కినను కాని పని యేదో చెప్పుట యరుదు. కోడేరు రైతునకు కావలసినది ఆ రెండవదియే: ఈ తప్పు ఇక్కడ దిద్దబడదు, ఫలానా కాగితముతో ఫలానా అధికారి కడకు పొమ్ము అను ఒక్క వాక్యము, తెలుగున, తెరపైనను కేంద్రపు గోడపైనను, దరఖాస్తు రుసుము చెల్లింపక పూర్వమే కనబడునట్లు.