చెలకలో కర్బనం – సంతకానికి ముందు ఆలోచన

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన నాటినుంచి శంషాబాదు చుట్టుపక్కల చెలకకు పంట విలువ వేరు, ప్లాటు విలువ వేరు అయింది. ఇప్పుడు మూడో విలువ ఒకటి వినవస్తున్నది. మట్టిలో నిలిపిన కర్బనానికి డబ్బిస్తామంటున్నారు. ఇదేమిటో చూద్దాం.

మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆకుగా, కాండంగా, వేరుగా మార్చుకొంటుంది. ఆ ఆకులు, వేళ్లు నేలలో చివికితే కొంత కర్బనం అక్కడే నిలుస్తుంది. కొయ్యకాళ్లు తగులబెట్టారా, అది మళ్లీ గాలిలో కలిసిపోతుంది.

లెక్క చూడండి. ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో కర్బనం నూటికి 0.1 వంతు పెరిగితే 0.9 టన్ను. వాయువు లెక్కన ఇది 3.3 టన్నులు. టన్నుకు ఒక క్రెడిట్ చొప్పున ఎకరానికి మూడు క్రెడిట్లు. అదీ ఒక్క ఏడులో రాదు, కొన్నేళ్లు పడుతుంది. కొలతకూ తనిఖీకీ మధ్యవర్తికీ పోగా మిగిలిందే రైతుది. కాబట్టి దీన్ని పంట అనుకోవద్దు, పంటమీద కొసరు అనుకోండి.

అసలు లాభం నేలలోనే ఉన్నది. కర్బనమున్న ఎర్ర చెలక వాన నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. అందుకే గట్లమీద గిరిపుష్పం పెంచి రొట్ట కోసి చేనికి వేయమని హైదరాబాదు సంతోష్‌నగర్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ, అంటే క్రీడా, చెబుతున్నది. జీలుగ, జనుము, పశువుల ఎరువు మనకు తెలిసినవే కదా.

క్రెడిట్ల పద్ధతి మన తెలుగు నేలకు కొత్త కాదు. అరకులోయలో గిరిజన రైతులు 2010 తరువాత కాఫీ, పండ్ల మొక్కలు నాటారు. లైవ్లీహుడ్స్ ఫండ్ ముందుగా పెట్టుబడి పెట్టి, బదులుగా క్రెడిట్లు తీసుకొంటుంది. చెట్టూ కాపూ రైతువే. ఇటీవల ప్రభుత్వమూ కదిలింది. కేంద్రం 2023లో క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించింది. 2024 జనవరిలో వ్యవసాయ శాఖ సేద్యపు క్రెడిట్లకు ఒక విధానం వెలువరించింది.

అయితే అరకు వేరు, శంషాబాదు వేరు. ఇక్కడ భూమి ఎప్పుడు చేతులు మారుతుందో తెలియదు. అందుచేత సంతకానికి ముందు మూడు మాటలు అడగండి.

ఒకటి: ఒప్పందం ఎన్నేళ్లు? నడుమ భూమి అమ్మి పునాది తవ్వితే, తీసుకొన్న డబ్బు ఎవరు తిరిగి కట్టాలి?

రెండు: పట్టా ఒకరిది, అరక ఒకరిది. రొట్ట వేసి నేలను పెంచిన కౌలుదారుకు వాటా ఎంత? కాగితంలో అతని పేరున్నదా?

మూడు: పట్నంలో ఉండే ఆసామి చేనంతా చెట్లకు వదిలేస్తే కూలివారికి పని, పశువులకు మేత ఎక్కడినుంచి వస్తాయి?

విస్తరణాధికారులకు ఒక మనవి. ఒప్పందాన్ని తెలుగులో రాయించి, రైతు వేదికలో పదిమంది ముందు చదివించండి. రైతు సోదరులారా! ఈ వేసవిలో ముందు మట్టి పరీక్ష చేయించండి. మీ నేలలో ఎంత కర్బనమున్నదో తెలిసిన తరువాతనే బేరానికి కూర్చోండి.